నీళ్ల సాన: వాదర కాలకుండా, ఉక్కు వృథా కాకుండా

తిరువూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం ప్రాంతం మామిడికి పేరుపడ్డది. ఏప్రిల్‌లో కాయ కోతలు జోరందుకుంటాయి. మే నెలలో ఇంటింటా ఆవకాయ పెడతారు, బజార్లో ముక్కలు కొట్టేవాళ్లకు ఊపిరి సలపదు. వానలు పడ్డాక తోటల్లో కొమ్మల కత్తిరింపు, నర్సరీల్లో అంటుకట్టడం. వీటితో పాటు ఏడాది పొడవునా కోడిమాంసం దుకాణాలు, టైలర్లు, సెలూన్లు, వడ్రంగులు, పెళ్లి వంటవాళ్లు ఉంటారు. వీళ్లందరి బతుకూ పనిముట్టు పదును మీదే నడుస్తుంది. అందుకే సరిగ్గా సాన పట్టగల మనిషికి ఇలాంటి ఊళ్లో పనికి లోటుండదు.

ఈ పనిలోకి దిగాలనుకునే యువకులకూ, సొంత పనిముట్లు తామే చూసుకోవాలనుకునే చేతిపనివాళ్లకూ నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: నీళ్లలో తిరిగే సాన యంత్రం నేర్చుకోండి. దాన్ని కొంటే సరిపోదు, పోషించడం కూడా నేర్చుకోండి. మంచి సానవాడు వాదరకు వేడి తగలనివ్వడు, అవసరానికి మించి రవ్వంత ఉక్కు కూడా తీయడు. యంత్రం గురించి నేర్చుకునేదంతా ఈ రెండింటి కోసమే.

నీళ్లు ఎందుకు?

పదును నిలిచేది ఉక్కు గట్టిదనం వల్ల. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, నీళ్లలోనో నూనెలోనో ముంచి, మళ్లీ కొద్దిగా వేడి చూపించి ఆ గట్టిదనాన్ని తెస్తాడు. అలా తయారైన మామూలు కార్బన్ ఉక్కు మళ్లీ 200 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కే కొద్దీ మెత్తబడుతుంది. 220 డిగ్రీల దగ్గర దాని మీద లేత గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గర నీలం వస్తుంది. పొడి గ్రైండర్ మీద పట్టిన కత్తి అంచు నీలమైందంటే ఆ మేర గట్టిదనం పోయినట్టే. చూడ్డానికి తళతళలాడుతుంది, నాలుగు కోతలు కోయగానే మొండిబారుతుంది. ఆ నీలం ఉన్నంత మేరా అరగదీసి పారేయడం తప్ప కత్తికి వేరే మందు లేదు.

ఈ వేడికి మూలం వేగం. 150 మిల్లీమీటర్ల రాయి ఉన్న పొడి బెంచి గ్రైండర్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు నిమిషానికి 1,340 మీటర్లకు పైగా పరుగెడుతుంది. స్వీడన్‌లో 1973లో మొదలైన టోర్మెక్ సంస్థ ఈ నీళ్ల సాన యంత్రాలకు పేరు పొందింది. వారి టి-8 యంత్రంలో 250 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. అంచు వేగం సుమారు 70 మీటర్లు, పొడి గ్రైండర్‌లో 19వ వంతు. ఆ నెమ్మదికి తొట్టిలోంచి ఎక్కే నీళ్లు తోడైతే వాదర చేతికి చల్లగానే ఉంటుంది. ఇతర కంపెనీల యంత్రాలు కూడా ఇదే పద్ధతి మీద వస్తున్నాయి.

రెండో లాభం ఊపిరితిత్తులకు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఇసుకరాళ్ల మీద పొడిగా సాన పట్టిన కార్మికులు ఆ ధూళి పీల్చి చిన్న వయసులోనే చనిపోయారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ పలక బలపాల పరిశ్రమ కార్మికులను కూడా సిలికోసిస్ అలాగే తినేసింది. ఇప్పటి యంత్రాల రాళ్లు ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడుతో చేసినవే, ఇసుకరాళ్లు కావు. అయినా రాతి పొడి, ఇనప రజను లోపలికి పోవడం మంచిది కాదు. నీళ్లు ఆ ధూళిని పట్టి తొట్టిలోకి దింపుతాయి. ఇంట్లో పాత ఇసుకరాయి సాన ఉంటే దాన్ని మాత్రం ఎన్నడూ పొడిగా తిప్పకండి.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి చెప్పాలి. కొందరు పొడి గ్రైండర్ కింద నీళ్ల పళ్లెం పెట్టి అదే నీళ్ల సాన అనుకుంటారు. ఆగి ఉన్న రాయి కింది సగం నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. అలా ఒకవైపు బరువైన రాయి 2,850 చుట్ల వేగంతో తిరిగితే పగిలి ముక్కలు ముఖాన కొట్టవచ్చు. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. పొడి గ్రైండర్ తప్ప వేరేది లేనప్పుడు రాయిని పొడిగానే ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, కత్తిని తాకీ తాకనట్టు పట్టి, మాటిమాటికీ నీళ్లలో ముంచండి.

కొనేముందు

ముందు మోటారు ప్లేటు చదవండి. దాని మీద ఎస్1 అని ఉంటే ఆగకుండా తిరగగల మోటారు. ఎస్2 30 నిమిషాలు అని ఉంటే అరగంట తర్వాత చల్లారనివ్వాలి. రోజంతా దుకాణం నడపాలనుకునేవారు ఎస్2 యంత్రం కొని దాన్ని సాయంత్రం దాకా తిప్పితే వైండింగు కాలుతుంది. ఇంటి వాడకానికి, ఒక వడ్రంగి సొంత ఉలులకు అది చాలు.

తర్వాత ఇరుసు. స్టెయిన్‌లెస్ ఇరుసైతే మేలు. మామూలు ఇనుముదైతే నీళ్లకు తుప్పు పట్టి రాయి దానికే అతుక్కుపోతుంది, మార్చాల్సిన రోజున సుత్తితో కొడితే రాయి పగులుతుంది. అలాంటిది కొంటే మొదటి రోజే రాయి విప్పి, ఇరుసుకు గ్రీజు రాసి బిగించండి. ఏటా ఒకటి రెండుసార్లు అలా చేయండి.

మూడోది రాయి. బిగించే ముందు పొడిగా ఉన్నప్పుడే వేలికి తగిలించి పట్టుకుని, చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే లోపల పగులుందని అనుమానించి తిరిగి ఇచ్చేయండి. చివరగా, అదే రాయి అదే కొలతలో ముందు ముందు దొరుకుతుందా అని దుకాణదారుని అడగండి. రాయి అరిగిపోయే వస్తువు, అది దొరకని యంత్రం మూలన పడుతుంది.

పని మొదలుపెట్టే క్రమం

యంత్రాన్ని కదలని బల్ల మీద, నడుము వంచక్కర్లేని ఎత్తులో పెట్టండి. రాయి తిరుగుతుండగా తొట్టిలో నీళ్లు పోయండి. కొత్త రాయికి, ఎండిన రాయికి దాహం ఎక్కువ. కాసేపట్లోనే మట్టం దిగిపోతుంది, మళ్లీ పోయాలి. రాయి ముఖమంతా నీళ్లు పరుచుకుని, కత్తి ఆన్చగానే అంచు మీదుగా పొర్లి రావాలి. అప్పటిదాకా ఆగండి.

ఇక కోణం. కొత్తవాళ్లు చెడగొట్టేది ఎక్కువగా ఇక్కడే. కత్తికి ఉన్న పాత ఏటవాలునే అనుసరించాలంటే మార్కర్ పెన్నుతో దాని మీద నల్లగా పూయండి. కరెంటు వేయకుండా రాయిని చేత్తో కొద్దిగా తిప్పి కత్తి ఆన్చండి. సిరా వాదర దగ్గరే చెరిగితే కోణం ఎక్కువైంది. వెనక భాగంలో చెరిగితే తక్కువైంది. ఏటవాలు పొడవునా సమంగా చెరిగితే సరిపోయింది. ఈ చిన్న పరీక్ష ఎంతో ఉక్కును కాపాడుతుంది.

కోణమానిని లేకపోయినా ఇబ్బంది లేదు. కాగితం మూల 90 డిగ్రీలు. దాన్ని సగానికి మడిస్తే 45, మళ్లీ మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతను పక్కన పెట్టుకుంటే కంటికి కొలత అలవాటవుతుంది.

రాయి వాదరకు ఎదురు వచ్చేలా పడితే ఉక్కు త్వరగా తెగుతుంది, కానీ పట్టు తప్పితే కత్తి రాయిలో దిగబడుతుంది. కత్తిని పట్టే బిగింపు లేకుండా, ఒట్టి చేతులతో అలా చేయకండి. చేత్తో పట్టేటప్పుడు రాయి వాదర నుంచి దూరంగా పోయే వైపునే నిలబడండి. కత్తిని ఒకే చోట ఆపకుండా రాయి వెడల్పంతా వాడుకుంటూ మడమ నుంచి మొన దాకా లాగండి. మొన దగ్గర పిడి కొద్దిగా ఎత్తాలి, లేకపోతే మొన గుండ్రమవుతుంది.

ఏ పనిముట్టుకు ఏ కోణం

కూరగాయల చాకుకు ఒక్కో వైపు 15 డిగ్రీలు, మాంసం కోసే కత్తికి 20, ఎముక నరికే కత్తికి 25 ప్రాంతంలో పెట్టండి. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తి మామిడి టెంకను చీల్చాలి. దానికి చాకులా పలచటి వాదర పెడితే మొదటి బుట్టకే పెచ్చులు లేస్తాయి. దాన్ని ఎముక కత్తితో సమానంగా చూడండి. పైగా మామిడి పులుపు ఇనుమును తింటుంది, పని కాగానే కడిగి, తుడిచి, నూనె రాయమని ఇచ్చేటప్పుడే చెప్పండి.

వడ్రంగి ఉలికి, చిత్రిక బ్లేడుకు ఒకే వైపు 25 నుంచి 30 డిగ్రీలు. వెనక ముఖం చదునుగా ఉండి తీరాలి, దాన్ని గుండ్రటి రాయి ముఖం మీద ఎప్పుడూ పెట్టవద్దు. తిరువూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే కొండపల్లి ఉంది. అక్కడ బొమ్మలు చెక్కేది తెల్లపొణికి చెక్కతో. అది చాలా మెత్తన. మెత్తని చెక్కకు పదును అంతగా అక్కర్లేదని చాలామంది పొరబడతారు. నిజానికి మొండి ఉలి కింద మెత్తని నార తెగదు, నలిగి పీచులుగా లేస్తుంది. అలాంటి చెక్క మీద పనిచేసే ఉలికి 20 నుంచి 25 డిగ్రీల పలచని వాదర పెట్టి, యంత్రానికి ఉండే తోలు చక్రం మీద బాగా నునుపు చేయాలి.

అంటుకట్టే కత్తి చాలా రకాల్లో ఒకే వైపు ఏటవాలు. చదునైన వైపును ముట్టుకోకండి. కోత నున్నగా, ఒక్క లాగులో రాకపోతే కొమ్మా పుల్లా అతకవు. కొమ్మలు కత్తిరించే కత్తెరలో కోసే బ్లేడు బయటి ఏటవాలునే పట్టండి, ఎదురు దవడను వదిలేయండి. టైలరు కత్తెర లోపలి ముఖాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ బట్టను కోస్తాయి. అక్కడ రాయి తగిలితే కత్తెర పాడైనట్టే. బయటి అంచును ఉన్న కోణంలోనే పట్టి, మర బిగువు చూసి, పలచటి గుడ్డముక్క మీద మొన దాకా కోసి ఇవ్వండి.

పళ్ల కొడవలిని నీళ్ల సాన మీద పెట్టకండి, పళ్లు అరిగిపోతాయి. దాని పని ఆకురాయిది. రంపాల పళ్లకు అతికించిన కార్బైడ్ ముక్కలు మామూలు రాయికి లొంగవు, వాటికి వజ్రపు చక్రం కావాలి. ఇత్తడి, అల్యూమినియం రాయి రంధ్రాలను మూసేస్తాయి. ఇలాంటివి వస్తే కాదని చెప్పడమే మర్యాద.

పొర పోయేదాకా పని అయినట్టు కాదు

ఒక వైపు సాన పట్టేకొద్దీ అవతలి వైపు అంచున సన్నని ఇనప పొర లేస్తుంది. గోటిని వెన్ను వైపు నుంచి అంచు వైపుకు లాగితే గరుగ్గా తగులుతుంది. మడమ నుంచి మొన దాకా ఆ పొర తగిలిందంటే ఆ వైపు చాలు, ఇక ఆపండి. ఆ తర్వాత తీసేదంతా వృథా. రెండో వైపుకు మళ్లండి.

తర్వాత రాయిని నునుపు చేయాలి. యంత్రంతో వచ్చే సరిచేసే రాయికి గరుకు వైపు, నున్నటి వైపు ఉంటాయి. గరుకు వైపును తిరిగే రాయికి నొక్కితే రాయి ముఖం తెరుచుకుని సుమారు 220 గ్రిట్‌లా వేగంగా కోస్తుంది. నున్నటి వైపు నొక్కితే సుమారు 1,000 గ్రిట్‌లా మెత్తగా పనిచేస్తుంది. కొత్త వాదర తీయడం గరుకుతో, ముగింపు నునుపుతో.

చివరి మెట్టు తోలు చక్రం. కొత్త తోలుకు పలచటి మెషిన్ నూనె పట్టించి, పాలిష్ పేస్టు పూయండి. ఇక్కడ ఒక నియమం ప్రాణంతో సమానం: చక్రం ఎప్పుడూ వాదర నుంచి దూరంగా పోతూ ఉండాలి. ఎదురుగా పెడితే తోలు తెగుతుంది, కత్తి ఎగిరి పడుతుంది. రెండు వైపులా మార్చి మార్చి తేలిగ్గా పట్టి, పొర పూర్తిగా రాలేదాకా చేయండి. పొర మిగిలిన కత్తి ఆ రోజు బ్రహ్మాండంగా కోస్తుంది, మర్నాటికి పొర మడతపడి మొండిదవుతుంది. మీ మీద నమ్మకం పోయేది అక్కడే. పదును చూడటానికి బొటనవేలు వాడకండి. న్యూస్‌పేపరు గాల్లో పట్టుకుని పైనుంచి కిందికి కోయండి. ఎక్కడ పట్టిందో అక్కడ ఇంకా పొర గానీ మొండితనం గానీ ఉంది.

రాయిని చూసుకోవడం

పని ముగియగానే తొట్టి దింపేయండి. రాత్రంతా రాయి నీళ్లలో నిలబడితే కింది భాగమే నానుతుంది, తెల్లారి తిప్పితే రాయి ఒక వైపు తూగుతుంది. తొట్టి దింపాక నిమిషం పాటు ఉత్తినే తిప్పితే పైనీళ్లు రాలిపోతాయి.

వాడేకొద్దీ రాయి మధ్యలో గుంట పడుతుంది, గుండ్రదనం తప్పుతుంది. రాయి ముఖం మీద స్కేలు అడ్డంగా ఆన్చి వెలుతురులో చూస్తే తెలుస్తుంది. గుంట పడిన రాయి మీద ఉలి అంచు తిన్నగా రాదు. దానికి వజ్రపు మొన ఉన్న పరికరంతో, నీళ్లు పారుతుండగా, అడ్డంగా చాలా నెమ్మదిగా లాగుతూ పలచగా ముఖం తీయాలి. ఒకేసారి లోతుగా తీస్తే రాయీ పోతుంది, వజ్రమూ పోతుంది. గుంట కనపడగానే కొంచెం తీయడం, బాగా పడ్డాక ఎక్కువ తీయడం కంటే చవక. రాయి చిన్నదయ్యే కొద్దీ ఆనిక దూరం మారుతుంది కాబట్టి ముఖం తీసిన ప్రతిసారీ కోణాన్ని మళ్లీ సిరాతో సరిచూసుకోండి.

తోలు చక్రపు నూనె, పేస్టు చక్రాన్ని తిప్పే రబ్బరుకు అంటితే జారుడు మొదలవుతుంది. నొక్కగానే రాయి ఆగిపోతుంటే మోటారును అనుమానించే ముందు రబ్బరును తుడిచి చూడండి.

మన నీళ్లు, మన కరెంటు

బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న చోట తొట్టికీ రాయికీ తెల్లటి పొర కడుతుంది. వాననీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుకుంటే ఆ బెడద ఉండదు. వేసవిలో నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, మట్టం మీద కన్ను ఉంచండి.

నీళ్లూ కరెంటూ ఒకే బల్ల మీద ఉన్నాయని మరిచిపోవద్దు. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఈ పనికి తప్పనిసరి. ఖర్చు తగ్గించుకోవడానికి వీటిని వదలకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సును బల్ల కంటే ఎత్తున గోడకు బిగించండి, వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు. వోల్టేజి తగ్గి మోటారు తిరగకుండా హుమ్మని మూలిగితే వెంటనే స్విచ్చి తీయండి. కరెంటు పోయినప్పుడూ అంతే. మెడలో కండువా, వేలాడే చున్నీ, వదులు చేతులు ఉండకూడదు. వేగం తక్కువే అయినా చక్రం బలం తక్కువ కాదు.

మడ్డి, శుభ్రత

తొట్టిలో ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి వేయండి. ఇనప రజను దానికి అంటుకుంటుంది, కవరు తిరగేస్తే ఊడిపోతుంది. మిగిలిన మడ్డిని సింకులో పోస్తే పైపులో గడ్డకట్టి మూసుకుపోతుంది. బకెట్లో తేరనిచ్చి, పైనీళ్లు వంచి, అడుగుది ఎండబెట్టి చెత్తలో వేయండి. చెరువులో, పశువులు తాగే చోట పారబోయకండి.

మాంసం కత్తులు సబ్బుతో కడిగి తెస్తేనే తీసుకోండి, వాటి తర్వాత తొట్టి నీళ్లు మార్చండి. సెలూను కత్తెరలు, అంటుకట్టే కత్తులు ఇచ్చే ముందు స్పిరిట్‌తో తుడవండి. ఒకరి జబ్బు మరొకరికి, ఒక చెట్టు తెగులు మరో చెట్టుకు మీ బల్ల మీదుగా పోకూడదు. ప్రతి పనిముట్టునూ ఆరబెట్టి, వంటింటిదైతే కొబ్బరినూనె, ఇతర పనిముట్టైతే మెషిన్ నూనె రాసి ఇవ్వండి.

అప్పు, ధర, మాట

కమ్మరి, వడ్రంగి, క్షురకుడు, టైలరు, బొమ్మల తయారీదారు మొదలైన 18 వృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. అందులో శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, దాన్ని తీర్చాక 2 లక్షల రూపాయల వరకు రుణం ఉన్నాయి. ఈ వృత్తుల్లో ఉన్నవారు కామన్ సర్వీస్ సెంటర్‌లో వివరాలు కనుక్కోండి. ఇతరులు బ్యాంకులో ముద్ర రుణం కింద శిశు విభాగాన్ని అడగవచ్చు, దాని పరిమితి 50,000 రూపాయలు.

ధర పక్కవాడిని చూసి పెట్టకండి, రాయిని చూసి పెట్టండి. 250 మిల్లీమీటర్ల రాయి 180కి వచ్చేదాకా వాడతామనుకుందాం. మధ్యలో ఉన్నది 70 మిల్లీమీటర్లు. రాయి 7,000 రూపాయలు అనుకుంటే ఒక్కో మిల్లీమీటరు 100 రూపాయలు. ఒక మిల్లీమీటరు అరిగేలోపు ఎన్ని కత్తులు పట్టారో పుస్తకంలో రాసుకోండి. కత్తికి రాయి ఖర్చు ఎంతో తేలుతుంది. దానికి మీ సమయం, కరెంటు, అద్దె కలపండి. పెచ్చులు లేచిన కత్తికి వేరే ధర ఉండాలి, దాన్ని పని మొదలుపెట్టకముందే చెప్పాలి.

మొదట మీ ఇంటి చాకులు, పాత సామాన్లలో దొరికే మొండి కత్తుల మీద చేయి తిప్పుకోండి. చేయి కుదిరాక కూడా ప్రతి కత్తికీ రాయి అవసరమా అని ముందు చూడండి. చాలా కత్తులకు తోలు చక్రం మీద ఒక దఫా చాలు. అలాంటప్పుడు రాయి పెట్టకుండా, తక్కువ డబ్బు తీసుకుని పంపేయండి. ఒకే కత్తిని నెలకోసారి రాయి మీద అరగదీస్తే కొద్ది కాలానికే అది సన్నబడి పనికిరాకుండా పోతుంది, దాని యజమాని మీ దగ్గరకు రావడం మానేస్తాడు. తక్కువ ఉక్కు తీసి ఎక్కువ రోజులు పదును నిలిపేవాడికి అదే కత్తి ఏళ్ల తరబడి పని తెచ్చిపెడుతుంది.